మడిస్తేనే కనపడిన అరుగుదల

మార్కెట్లో నన్ను చూసిన ప్రతి ఆడమనిషీ అడుగుతుంది, “మణక్కా, నీ మోకాల్లో ఏదో లైటు వేసి చూశారంటగా, ఏం తేలింది?” అని. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెడతాను. చదవడం రానివాళ్ళు ఎవరిచేతైనా చదివించుకోండి. జాలిపడడానికైతే చదవొద్దు. నా మీద జాలి ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చింది, ఇప్పుడు దాన్ని పెట్టుకోవడానికి నా దగ్గర చోటు లేదు.

నా పేరు నాగమణి. చల్లపల్లి దగ్గర ఒక పల్లెలో పుట్టాను. మా నాన్న కృష్ణానది పాయలో వల వేసేవాడు. ఆడపిల్లకెందుకని నలుగురూ అంటున్నా వినకుండా నన్ను ఇంటర్ దాకా చదివించాడు. పెళ్ళయి బెజవాడ వచ్చాక ఆ చదువుతో పని పడలేదు. అత్తవారికి చేపల మార్కెట్లో అమ్ముకునే గట్టు ఉంది. మా అత్తయ్య చిట్టెమ్మ ముప్ఫై ఏళ్ళు అక్కడే కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసింది. నేను కాపురానికి వచ్చిన మూడో నెలలో పీట నాకు అప్పజెప్పి తను బేరాలకు మారింది. మా ఆయన కైకలూరు వైపు నుంచి లోడు తెస్తాడు, ఆవిడ అమ్ముతుంది, నేను కోస్తాను. ఇంట్లో మేం ముగ్గురమే.

కత్తిపీట ముందు ఎలా కూర్చుంటామో ముందు చెప్పాలి, పెద్ద పెద్ద డాక్టర్లకే అది తెలియలేదు కాబట్టి. కుడికాలు మడమ తొడకు తగిలేదాకా మడిచి, పీట చెక్క మీద వేసి అదిమి పెడతాం. ఎడమ మోకాలు పైకి నిలబడి ఉంటుంది. ఒంటి బరువంతా ఆ మడిచిన కాలి మీదే. అలా అదమకపోతే మూడు కేజీల బొచ్చె చేపను కత్తికి ఆనించి లాగినప్పుడు పీట లేచి మీదికొస్తుంది. పొద్దున ఆరింటికి మడిచిన కాలు మధ్యాహ్నం ఒంటిగంటకు గాని చాపం. ఆదివారమైతే ఇంకా ఆలస్యం.

1998, ఎండాకాలం

మొదటిసారి నొప్పి రోహిణీ కార్తెలో వచ్చింది. కూర్చున్నప్పుడు కాదు, లేచేటప్పుడు. మోకాలి వెనక ఏదో పట్టేసింది, లోపల ఇసుక రాసుకున్నట్టనిపించింది. పక్కనున్న ఇనప స్తంభం పట్టుకుని లేచాను. నాలుగడుగులు వేసేసరికి సర్దుకుంది. ఆ సర్దుకోవడమే నా కొంప ముంచింది. నడిస్తే నొప్పి ఉండదు. మెట్లెక్కినా పెద్దగా ఉండదు. మడిచి కూర్చుంటే, కూర్చుని లేస్తే మాత్రం ప్రాణం పోతుంది. చూసేవాళ్ళకు నేను శుభ్రంగా నడిచి పోతున్నట్టే కనపడేదాన్ని.

“పనున్నప్పుడే వస్తదేంటే నీ నొప్పి? సినిమాకి పోయినప్పుడు రాదే?” అంది మా అత్తయ్య.

“సినిమా హాల్లో కుర్చీ ఉంటది అత్తయ్యా.”

“నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు,” అని అక్కడున్న బేరగాళ్ళతో చెప్పి నవ్వింది.

నాలుగు నెలలు ఓర్చుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద పడుకోబెట్టి, కాలు తిన్నగా చాపించి ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్ము లైటు ముందు పెట్టి, “ఎముకలు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, మధ్యలో గ్యాప్ బాగుంది, మీకేమీ లేదు. బరువు తగ్గండి, నేల మీద కూర్చోకండి,” అన్నాడు. ఒక్క ఊపిరిలో అనేశాడు. పక్కనే ఉన్న మా ఆయన అందులో “ఏమీ లేదు” అన్న రెండు మాటలే ఇంటికి తెచ్చాడు. మిగతావి ఆటోలో పడిపోయాయి.

1999 నుంచి 2001 దాకా

ఆ ఫిల్ముకు మా ఇంట్లో నాకంటే ఎక్కువ మర్యాద జరిగింది. మా ఆయన దాన్ని మడత పడకుండా బీరువా పైన పెట్టాడు. చుట్టాలెవరైనా వచ్చి, “మణి లేవడానికి అంత కష్టపడుతోందేంట్రా?” అంటే చాలు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పట్టి చూపించేవాడు. “చూడు బావా, ఎముక ఎట్టా ఉందో. డాక్టరే అన్నాడు ఏమీ లేదని.” బావ కళ్ళు చిన్నవి చేసి చూసి తలాడించేవాడు. ఎక్స్‌రే చదవడం మా చుట్టాలందరికీ వచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

రెండు ఎముకల మధ్య నున్నగా, మెత్తగా ఉండే పొరను మనవాళ్ళు గుజ్జు అంటారు. ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది గాని గుజ్జు కనపడదు. అది బాగా అరిగిపోయి ఎముకలు దగ్గర పడితే తప్ప ఫిల్ములో తేడా తెలియదు. ఈ ముక్క నాకు ఏ ఒక్కడూ చెప్పలేదు. చెబితే నేను ఆ ఫిల్మును కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరి ఉండేదాన్ని.

ఈలోగా జిల్లేడాకులు కట్టాను. ఉప్పుమూటతో కాపడం పెట్టాను. ఏవేవో తైలాలు రాసి ఇల్లంతా కంపు చేశాను. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు ముక్కలు సన్నగా కొయ్యమని చెబుతూ, మధ్యలో మోకాలికి ఏం రాయాలో కూడా చెప్పేవాళ్ళు. సలహా చెప్పినవాళ్ళంతా నిలబడే చెప్పారు.

ఒక ఆదివారం జనం కిటకిటలాడుతుండగా లేవబోయి లేవలేకపోయాను. స్తంభం చేతికి అందలేదు. చేపలు కడిగిన నీళ్ళలో పక్కకి పడ్డాను. మా అత్తయ్య వంగి నా చెయ్యి పట్టుకోలేదు. “లేవే, జనం చూస్తున్నారు. నాటకాలకి కూడా వేళాపాళా ఉండాలి,” అంది. పక్క గట్టు ఆవిడ వచ్చి లేపింది. చీర మీద పొలుసులు అంటుకుని ఉండగా మళ్ళీ కూర్చుని కోశాను. ఆ పూట మా అత్తయ్య చావాలని కోరుకున్నాను. ఇలాంటివి రాయకూడదేమో. కాని జరిగింది రాస్తానని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను.

మా ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కూడా కాదు. ఒకరోజు సాయంత్రం తనే నూనె వేడిచేసి తెచ్చి నా కాలికి రాశాడు. రాస్తూ రాస్తూ, “నిజంగా ఉందా మణీ?” అని మెల్లిగా అడిగాడు. మా అత్తయ్య అన్న మాటలన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. కాలు వెనక్కి లాక్కున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ అతని చేత నూనె రాయించుకోలేదు.

అందరికంటే దారుణం ఏమిటంటే, నాకే అనుమానం పట్టుకుంది. డాక్టరు అబద్ధం చెప్పడు, ఫిల్ము అబద్ధం చెప్పదు, మరి అబద్ధం చెప్పేది నేనేనా? పని తప్పించుకోవాలని నా లోపలి మనిషే ఈ నొప్పి పుట్టిస్తోందా? ఇంట్లో ఎవరూ లేనప్పుడు కాలు మడిచి కూర్చుని పరీక్ష చేసుకునేదాన్ని. ప్రతిసారీ నొప్పి వచ్చేది. వచ్చినందుకు సంతోషపడేదాన్ని. నొప్పి వచ్చిందని సంతోషించే స్థితికి మనిషిని తెచ్చినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

2002

ప్రైవేటు డాక్టర్లతో విసిగి పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఏ ఆసుపత్రో రాయను. ఎముకల ఓపీ ముందు కుర్చీలు ఎందుకు వేయరో ఎవరైనా చెబితే వింటాను. మోకాళ్ళు నొప్పులని వచ్చినవాళ్ళందరినీ గంటల తరబడి నేల మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళాక నేల మీద కూర్చోవద్దని చెబుతారు.

నేను గోడకి ఆనుకుని నిలబడి ఉంటే, కొండపల్లి నుంచి వచ్చిన రత్నం అనే ఆవిడ తన కింద ఉన్న ప్లాస్టిక్ బకెట్టు నా వైపు జరిపింది. ఆవిడ భర్త థర్మల్ స్టేషన్లో పని చేస్తాడట. పొద్దున పాసింజరుకి వస్తూ, కూర్చోవడానికని ఆ బకెట్టు తెచ్చి బోర్లించుకుంది. “చెరి కాసేపు కూర్చుందాం,” అంది. తన ఇడ్లీలు రెండు నాకిచ్చింది. ఆమె మోకాళ్ళు రెండూ వంకరపోయి ఉన్నాయి.

ఆమెను, నన్ను ఒకేసారి లోపలికి పిలిచారు. డాక్టరు ఆమె ఫిల్ము చూసి “అయ్యో” అన్నాడు. నా ఫిల్ము చూసి గడియారం చూశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆమె ఫిల్ము చూసి నాకు కుళ్ళు పుట్టింది. ఎముకా ఎముకా అతుక్కుపోయిన ఆ ఫిల్ము నాదైతే మా ఇంట్లో నా బతుకు వేరుగా ఉండేది కదా అనుకున్నాను.

బయటికొచ్చాక ఆవిడతో ఆ మాటే అన్నాను. కోప్పడుతుందనుకున్నాను.

“ఫిల్ములో లేకపోతే ఏంలే అమ్మా, నీ మొహంలో ఉందిగా,” అంది రత్నం. నాలుగేళ్ళలో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆవిడే. మళ్ళీ ఎప్పుడూ కలవలేదు.

ఆ తర్వాత స్కానింగ్ కూడా తీశారు. “వయసుకు తగ్గ స్వల్ప మార్పులు” అని రాసి ఇచ్చారు. నా వయసు అప్పటికి ముప్ఫై ఆరు. ఏ మార్పులు తగినవో ఎవరు నిర్ణయించారని అడిగితే డాక్టరుకు కోపం వచ్చింది.

“ఇంట్లో ఏమన్నా గొడవలు పడుతున్నారా అమ్మా?” అన్నాడు.

“పడుతున్నామండి. మీరు ఏమీ లేదని రాసిస్తున్నారు, దానివల్లే పడుతున్నాం.”

చీటీ మీద మానసిక వైద్యుడి గది నంబరు రాసి ఇచ్చాడు. ఆ చీటీ చింపి అక్కడే పడేశాను. ఊడ్చే ఆవిడ తిట్టింది. ఆవిడ తిట్టడంలో మాత్రం న్యాయం ఉంది.

2004, శ్రావణం

శ్రావణమాసంలో మా మార్కెట్ డల్లుగా ఉంటుంది. సగం ఊరు నీచు ముట్టదు. ఆ ఖాళీలోనే నేను మాధవి అనే అమ్మాయిని గమనించాను. ఎదురుగా ఉన్న మాంసం కొట్టు మస్తాన్ దగ్గరికి ఐసుపెట్టె పట్టుకుని వారానికోసారి వస్తోంది. గొర్రె మోకాళ్ళు కావాలంటుంది, కత్తి పడకూడదంటుంది.

“కొట్టకపోతే సూపెట్టా కాస్తావమ్మా?” అన్నాడు మస్తాన్.

“సూపుకి కాదు బాబాయ్, కాలేజీకి. కీలు తెరవకుండా ఇవ్వండి చాలు.”

నాకు మోకాలు అన్న మాట వినపడితే చాలు చెవులు నిక్కబొడుచుకుంటాయి. పిలిచి అడిగాను. పటమట అమ్మాయి. ఫిజిక్సులో పరిశోధన చేస్తోందట. కీళ్ళ గుజ్జు ఎంత దెబ్బతిందో వెలుతురుతో పట్టే పరికరం వాళ్ళ ల్యాబులో ఉందని, మనుషుల మీద వాడేముందు గొర్రె కీళ్ళ మీద సరిచూసుకుంటున్నారని చెప్పింది.

“వెలుతురుతో ఎట్టా పడతారు? ఎక్స్‌రేకే దొరకలేదు.”

“ఎక్స్‌రేకి గుజ్జు కనపడదు కదక్కా, ఎముకే కనపడేది,” అంది ఆ పిల్ల, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు. నేను చేతిలో కొర్రమేను పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆరేళ్ళు, ఇద్దరు ప్రైవేటు డాక్టర్లు, ఒక పెద్దాసుపత్రి. ఆ మాట నాకు చేపల మార్కెట్లో, గొర్రెకాళ్ళు కొనడానికి వచ్చిన పిల్ల చెప్పాల్సి వచ్చింది.

తర్వాత వివరంగా చెప్పింది. ఎరుపు రంగుకి అవతల మన కంటికి కనపడని వెలుగు ఒకటి ఉంటుందట. సన్నని తీగ చివర నుంచి దాన్ని గుజ్జు మీద వేస్తే, గుజ్జు కొంత మింగి కొంత తిప్పి పంపుతుంది. బాగున్న గుజ్జు మింగే తీరు వేరు, లోపల నీరుపట్టి పాడైన గుజ్జు మింగే తీరు వేరు. తిరిగొచ్చిన వెలుగును మెషిను గీతగా గీస్తుంది. పైకి తెల్లగా, నున్నగా కనపడుతున్నా లోపల సంగతి గీతలో తెలిసిపోతుందని చెప్పింది.

“మేమూ అంతే. పైన మెరిసే చేపని నమ్మం. మొప్ప ఎత్తి చూస్తాం, వేలితో నొక్కి చూస్తాం,” అన్నాను.

“ఇదీ నొక్కి చూడ్డమే అక్కా, వెలుతురుతో.”

“అయితే నాది చూడు.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా ఫిల్ము తెచ్చి చూపించమంది. ఫిల్ములో ఏమీ కనపడకుండా నొప్పి పడేవాళ్ళే వాళ్ళకు కావాలట. మోకాలికి రెండు చిల్లులు పెట్టి గొట్టం కెమెరాతో లోపల చూసే పెద్ద డాక్టరు ఒకాయన ఒప్పుకున్నాడని, ఆయన చూసేటప్పుడే తను ఈ తీగతో చూస్తుందని చెప్పింది. బాగుచేసే పని కాదు, చూసే పని మాత్రమే అని రెండుసార్లు హెచ్చరించింది. నాకు కావలసింది చూసేవాళ్ళే.

ఇంట్లో చెబితే మా అత్తయ్య చేతిలో గరిటె పడేసింది. “ఏమీ లేని కాలికి చిల్లులు పెట్టించుకుంటదంట. ఇంకో నెల మంచమెక్కొచ్చని.” ఆసుపత్రివాళ్ళు మా ఆయన సంతకం అడిగారు. వారం రోజులు పెట్టలేదు. ఆఖరికి కాగితం ముందేసుకుని, “పెడతాను. కానీ ఏమీ లేదని తేలితే మళ్ళీ ఈ ఇంట్లో మోకాలు మాట ఎత్తకూడదు. నోరు మూసుకుని పీట మీద కూర్చోవాలి,” అన్నాడు.

“గంగమ్మ మీద ఒట్టెయ్యమను,” అంది మా అత్తయ్య.

మా వాళ్ళలో గంగమ్మ మీద ఒట్టేస్తే అది తప్పడం ఉండదు. వల మీద బతికే ఇళ్ళు, నీళ్ళతో ఆటలాడం. చెయ్యి చాపి ఒట్టేశాను. లోపల ఏమీ లేకపోతే, చచ్చేదాకా ఆ నొప్పితో నోరెత్తకుండా కూర్చోవాలి.

2005, ఫిబ్రవరి

నడుముకి మత్తుసూది ఇచ్చారు. నడుం కిందిభాగం నాది కాదన్నట్టయింది గాని తెలివి మాత్రం పూర్తిగా ఉంది. మోకాలు బల్ల అంచు నుంచి కిందికి వేలాడేలా, కుర్చీలో కూర్చున్నట్టు పెట్టారు. పెద్ద డాక్టరు, ఒక నర్సు, తీగ పట్టుకుని మాధవి. ఆమె ముందు మెషిను, పక్కన గోడకి అంటించిన చార్టు. చార్టులో మోకాలి బొమ్మ, ఎక్కడెక్కడ తీగ ఆనించాలో వరసగా చుక్కలు.

“ఒకటి?” అన్నాడు డాక్టరు.

“బాగుంది సార్.”

“రెండు?”

“బాగుంది.”

మూడు బాగుంది. నాలుగు బాగుంది. ఆరో చుక్క దగ్గరికి వచ్చేసరికి మాధవి గొంతు పల్చబడింది. చార్టు అయిపోయింది. అన్నీ బాగున్నాయి.

“ఫిల్ము చూసినప్పుడే అనుకున్నానమ్మా, మోకాలు క్లీన్‌గా ఉంది. క్లోజ్ చేద్దాం,” అన్నాడు డాక్టరు.

నాకు మా అత్తయ్య మొహం కనపడింది. ఒట్టు వేయడానికి చాపిన నా చెయ్యి కనపడింది. గట్టిగా అరిచాను.

“ఇంకా మడవండి!”

“నొప్పిగా ఉందా అమ్మా?”

“నొప్పి లేదు, కాలే లేదు. మీరు చూసింది నేను నడిచే మోకాలండి. నేను కూర్చునే మోకాలు చూడలేదు మీరు. మడమ తొడకి తగిలేదాకా మడవండి, అప్పుడు చూడండి.”

“అమ్మా, అంతగా ఎవరూ మడవరు,” అన్నాడు ఆయన విసుగ్గా.

“మా అమ్మ మడుస్తుంది సార్,” అంది నర్సు. ఆవిడ అంతసేపూ మాట్లాడలేదు. “అవనిగడ్డ మార్కెట్లో రొయ్యలు ఒలుస్తుంది. పొద్దుటి నుంచీ మడిచే ఉంటుంది.”

మాధవి చార్టు వంక చూసింది. “సార్, ఈ చార్టు మెషినుతో పాటు బయట దేశం నుంచి వచ్చింది. కుర్చీల్లో కూర్చునేవాళ్ళకి గీసింది. వెనక భాగానికి ఇందులో చుక్కే లేదు,” అంది. తర్వాత తలొంచుకుని, “నేనూ గమనించలేదు,” అని చేర్చింది.

డాక్టరు నర్సుతో కలిసి నా కాలు పట్టుకుని, గొట్టాలు ఉండగా మడవగలిగినంత మడిచాడు. అప్పటిదాకా వెనక దాక్కున్న భాగం తిరిగి ముందుకు వచ్చింది. నేనూ కెమెరా తెర మీద చూశాను. తెల్లగా, నున్నగా ఉంది. నా ప్రాణం పోయింది.

“ఇదీ బాగానే ఉందే,” అన్నాడు ఆయన.

మాధవి తీగ ఆనించింది. తీసి మళ్ళీ ఆనించింది. కొంచెం పక్కన ఆనించింది. మెషిను మీద గీత నాకు కనపడదు, ఆమె మొహమే కనపడుతోంది.

“సార్, గీత పడిపోయింది. మూడుసార్లూ ఒకటే. లోపల పాడయింది.”

డాక్టరు సన్నని ఇనప కొక్కెంతో ఆ తెల్లని చోట నొక్కాడు. నున్నగా కనపడినది లోపలికి దిగబడింది. తీస్తే వెంటనే పైకి లేవలేదు. నిలవ చేపను వేలితో నొక్కితే అలాగే ఉంటుంది, నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

నేను పకపకా నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. నా మోకాలు కుళ్ళిపోయిందని తెలిసి అంత సంతోషించాను. నర్సు నా కళ్ళు తుడిచింది.

మర్నాడు డాక్టరు వార్డుకు వచ్చాడు. క్షమించమని అడగలేదు. ఎదురు నిలబడి చెప్పకుండా, తనకో కుర్చీ వేయించుకుని నా పక్కన కూర్చుని చెప్పాడు. ఆయన తరఫున అది చాలా ఎక్కువని మాధవి అంది. పాడైన గుజ్జు మళ్ళీ పెరగదట. మొదట్లోనే కాలు మడవడం మానేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదట. ఇకమీదట మడిస్తే ఎముక దాకా పోతుందట. నేలమీద పీట వద్దు, నిలబడి కోసేలా ఎత్తు బల్ల చేయించుకోమన్నాడు. ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. నోటిమాట మా ఇంట్లో చెల్లదని చెప్పాను.

2005, మార్చి

మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. బీరువా పైనున్న ఫిల్ము తీసి, ఏం చెయ్యాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత టీ తాగొస్తానని వెళ్ళి రెండు గంటలకు వచ్చాడు. వచ్చి, “బల్లకి కొలతలిచ్చొచ్చాను,” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. మా అత్తయ్య అదీ అనలేదు. కాగితం వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.

నేను మంచం మీద ఉన్న మూడు వారాలూ పీట మీద మా అత్తయ్యే కూర్చుంది. బల్ల ఇంకా రాలేదు, కోసే మనిషి వేరే లేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు హాయిగా ఉండేది. తెలిసిరావాలి అనుకున్నాను.

కట్టు విప్పిన రెండోరోజు కర్ర పట్టుకుని మార్కెట్‌కి వెళ్ళాను. మధ్యాహ్నం, జనం పల్చబడ్డారు. గట్టు దగ్గరికి వెళ్ళేసరికి మా అత్తయ్య పీట మీదనుంచి లేవబోతోంది. ఇనప స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుంది. సగం లేచి ఆగిపోయింది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, మళ్ళీ కిందికి జారింది. కొత్తగా నొప్పి వచ్చిన మనిషి అలా లేవదు. ఎక్కడ పట్టుకోవాలో, ఏ క్షణంలో ఊపిరి బిగించాలో అన్నీ తెలిసినట్టు చేసింది. ఆ పద్ధతి నాకు తెలుసు.

“ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?” అన్నాను.

నన్ను చూసి ఉలిక్కిపడింది. మోకాలి మీద చీర సర్దుకుంది. అబద్ధం చెబుతుందనుకున్నాను.

“నీ మొగుడు చంటోడప్పటి నుంచి,” అంది.

“మీకు తెలుసు. నాకు ఎక్కడ నొప్పొస్తదో, ఎప్పుడొస్తదో మొత్తం తెలుసు మీకు.”

“తెలుసు.”

“తెలిసి నన్ను నాటకాలదాన్నన్నారు. ఏడేళ్ళు. బేరగాళ్ళ ముందు, చుట్టాల ముందు. మీరొక్క మాట చెప్పుంటే నా కాలు దక్కేది. ఎందుకు చెప్పలేదు?”

ఆవిడ కత్తికి అంటుకున్న పొలుసు గోటితో గీకింది.

“నిజమని ఒప్పుకుంటే నువ్వు లేచిపోతావు,” అంది. “నువ్వు లేస్తే మళ్ళీ ఈ పీట మీద నేనేగా కూర్చోవాల్సింది.”

ఏడేళ్ళుగా ఆవిడ కోసం దాచిపెట్టుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. ఆపుకోలేదు. తిట్టాను. ఎదురు కొట్టులోంచి మస్తాన్ బయటికి వచ్చి చూశాడు. పక్క గట్లవాళ్ళు కోయడం ఆపి విన్నారు. ఆవిడ తలెత్తలేదు. నా దగ్గర తిట్లు అయిపోయాయి. ఆవిడ ఇంకా కిందే ఉంది.

కర్ర పక్కన పెట్టి, కుడికాలు మడవకుండా వంగి, ఆవిడ చంకల కింద చేతులు వేసి లేపాను. బరువుగా ఉంది. ఇద్దరం పడిపోయేవాళ్ళమే, మస్తాన్ వచ్చి పట్టుకున్నాడు.

నేను ఆవిడను క్షమించానా అని కొందరు అడుగుతున్నారు. క్షమించలేదు. ఆ పీట మీద మాత్రం ఆవిడను మళ్ళీ కూర్చోనివ్వలేదు.